చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొరవారు: ప్రాతప్రతుల పునరుద్ధరణము, స్వామ్యనిర్ణయము

చదువరులారా! మన గోదావరీతీరమున వ్రాతకు శత్రువులు మూడు: చెద, చెమ్మ, వఱద. 1986వ సంవత్సరము ఆగస్టు నెలలో భద్రాచలమువద్ద గోదావరి 75.6 అడుగుల మట్టమునకు పొంగెను. 2022వ సంవత్సరము జూలై నెలలో మరల 71.3 అడుగులకు వచ్చెను. ఇట్టి నదికిని దాని కిరువంకల నున్న యడవికిని నడుమ కాపురముండువారికి, ఒక పత్రమును ఒక్క ప్రతిగా నుంచుకొనుట క్షేమము గాదని వేఱుగ చెప్ప నక్కఱలేదు. తాటాకులనాడు గ్రంథములను తిరుగ వ్రాయించుకొనిరి; కాగితములనాడు నకళ్లు తీయించుకొనిరి; కంప్యూటర్ల కాలమున బ్యాకప్పులు చేసికొనుచున్నారు.

అయితే ప్రతి యున్నంతమాత్రమున సర్వము చక్కబడునా? చెడినదానిని ప్రతినుండి మరల నిలువబెట్టునపుడు చేయవలసిన పనులు రెండు. అక్షరములను యథాతథముగ తెచ్చుట మొదటిది. ఎవరి సొత్తు వారికి చేర్చుట రెండవది. మొదటిదానిని యంత్రమైనను చేయగలదు. రెండవది వివేకమును కోరును.

దీనికి దృష్టాంతము మన యూరే. భద్రాచలప్రాంతము 1860 వఱకు నైజాము ప్రభువుల యేలుబడిలో నుండి, ఆ సంవత్సరమున ఇంగ్లీషువారికి సంక్రమించెను. పిమ్మట మధ్యపరగణాలలోని యెగువగోదావరి జిల్లాలో చేరెను. 1874లో మదరాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మాఱెను. 1959లో తూర్పుగోదావరి జిల్లానుండి ఖమ్మము జిల్లాకు వచ్చెను. 2014లో కొన్ని మండలములు ఆంధ్రప్రదేశమున చేరెను. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన భద్రాద్రి కొత్తగూడెము జిల్లా యేర్పడెను. ఎగువగోదావరి జిల్లా యని ముద్రపడిన పాతకాగిత మొకటి నేడు దొరకినచో దాని నే కచేరికి చేర్పవలెను? గ్రామము కదలలేదు, కొండ కదలలేదు. కాగితముమీది చిరునామాకు మాత్రము నేడు సొంతదారు లేడు. పాతపేరునకు నేటి పేరేదో తెలిసిన మనుష్యుడే దీనిని సరియైన చోటికి చేర్పగలడు.

కంప్యూటర్లలోను ఈ చిక్కే యున్నది. యూనిక్సు అను నిర్వాహకవ్యవస్థ 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ అనువారిచే ప్రారంభింపబడినది. ఇప్పటి లినక్సు దాని పోలికనే నిర్మింపబడినది. ఈ వ్యవస్థలయందు ప్రతి ఫైలునకు నొక యజమాని యుండును. తెరమీద మనకు యజమాని పేరు కనబడును గాని డిస్కుమీద వ్రాయబడి యుండునది పేరు గాదు, సంఖ్య. ఏ సంఖ్య యెవరిదో తెలుపు పట్టిక వేఱొకచోట నుండును. ఫైళ్లను మూటగట్టి దాచు టార్ అను సాధనము 1979 నాటి యేడవ కూర్పుతో వచ్చెను. అది తొలుత సంఖ్యలను మాత్రమే మూటలో వ్రాయుచుండెను. 1988 నాటి పోసిక్సు ప్రమాణముతో పేర్లను గూడ వ్రాయు పద్ధతి యేర్పడెను.

ఒక పాఠశాలలోని పాతయంత్రమున 1001 సంఖ్య గుమాస్తాగారి దనుకొందము. క్రొత్తయంత్రమున అదే సంఖ్య యొక విద్యార్థికి వచ్చిన దనుకొందము. సంఖ్యలనే నమ్మి పాతమూటను విప్పినచో మార్కుల జాబితాకు విద్యార్థి యజమాని యగును. చదువను, దిద్దను వానికి హక్కు గలుగును. ఇందు దొంగతనము లేదు, దురుద్దేశము లేదు. మూట విప్పినవాని యజాగ్రత్త యొక్కటియే కలదు.

ఈ రెండవ పనిని, అనగా ప్రాతప్రతిని బ్రదికించి దానిని దాని సొంతదారునకు చేర్చుటను, మన భాషయందు జీవితవ్రతముగ పూనినవారు చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొరవారు. కంప్యూటరు పుట్టుటకు చాల పూర్వమే వారు చనిపోయిరి. అయినను వారి చరిత్రము చదివినవారికి ఈ చిక్కు యొక్క లోతు చక్కగ బోధపడును.

బ్రౌను దొరవారు 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కలకత్తా నగరమున జన్మించిరి. తండ్రి డేవిడ్ బ్రౌనుగారు క్రైస్తవమతాచార్యులు, బహుభాషావేత్తలు. ఫోర్టు విలియము కళాశాలలో ఉన్నతాధికారముననుండిరి. 1812లో తండ్రి మరణింపగా కుటుంబము ఇంగ్లండునకు పోయెను. అచ్చట హెయిలీబరీ కళాశాలలో కంపెనీ కొలువునకు వలసిన విద్య నభ్యసించి, 1817వ సంవత్సరము ఆగస్టు నెలలో వారు మదరాసు చేరిరి. అప్పటికి వారికి తెలుగు రాదు. వెలగపూడి కోదండరామ పంతులుగారి యొద్ద తెలుగు నేర్చి, 1820లో కడపకు కలెక్టరు సహాయకుడుగ పోయిరి. పిమ్మట మచిలీపట్టణమునను, రాజమహేంద్రవరమునను పనిచేసిరి. రాజమహేంద్రవరము మన భద్రాచలమునకు దిగువ నదే నదియొడ్డున నున్నది. ఆనాడు ఆ యూరు కంపెనీది, ఈ యూరు నైజాముది.

ఆ కాలమున తెలుగు గ్రంథముల స్థితి దయనీయముగ నుండెను. కావ్యములు తాటాకులమీద నుండెను. ఒక్కొక్క కట్ట యొక్కొక్క యింట అటుకమీద పొగకు నల్లబడి యుండెను. వ్రాయసగాడు తప్పు వ్రాసిన తరువాతివాడు ఆ తప్పును దిద్దబోయి రెండు తప్పులు చేయును. ఆకులు జాఱిపోవును, ఒక కవి పద్యములు వేఱొక కవి కట్టలో కలిసిపోవును. నాటి తెలుగువారిలో అనేకులు తమ యింటి గ్రంథములయందు ఆదరము చాలించియుండిరి. పరదేశమునుండి కొలువునకు వచ్చిన యొక యువకుడు ఈ దుర్దశను చూచి, తన జీతమును దీనికై వ్యయింప సాహసించెను.

1824లో వారు మచిలీపట్టణమున నుండగా, దుబాయి యను ఫ్రెంచి మతాచార్యుడు వ్రాసిన పుస్తకమువలన వేమన పేరు వారికి తెలిసెను. వెంటనే వేమన పద్యముల ప్రతులను వెదకింప నారంభించిరి. దొరకిన ప్రతులలో నేవియు నొకదానితో నొకటి సరిపోలలేదు. ఒకదానియందున్న పద్యము మఱొకదానిలో లేదు. ఉన్నను పాదములు తాఱుమాఱై యుండెను.

ఇక్కడ స్వామ్యనిర్ణయపు చిక్కు పూర్తిగ బయల్పడెను. వేమన పద్యమునకు చివర నాతని పేరు ముద్రగ నుండును. ముద్ర యుండుటచే పద్య మెచ్చటికి పోయినను యజమాని పేరు దానితోనే పోవును. మన భద్రాచల రామదాసుగారి కీర్తనలకును ఇట్టి ముద్రయే రక్ష. కాని ముద్ర యెవ్వరైనను వేయవచ్చును గదా! వేమనకు పిమ్మట నెందఱో తమ పద్యములకు నాతని ముద్ర తగిలించిరి. పేరును మాత్రమే నమ్మినచో పరుల పద్యములన్నియు వేమనవి యగును. పేరును నమ్మకయున్నచో వేమనకు నిలుచునది యేమియు లేదు.

యంత్రములయందును ఇంతే. మూలాధికారియగు రూట్ మూట విప్పునపుడు గ్నూ వారి టార్ మొదట పేరును వెదకును. ఆ పేరుగలవాడు క్రొత్తయంత్రమున నున్నచో ఫైలును వానికి కట్టబెట్టును. లేనిచో సంఖ్యను పట్టుకొనును. పాతయంత్రములోని రామయ్యయు క్రొత్తయంత్రములోని రామయ్యయు నొకడే యని దాని తలంపు. వారిరువురు వేఱైనచో టార్‌నకు తెలియదు. సంఖ్యయు పేరును రెండును సాక్ష్యములేగాని తీర్పులు గావు. తీర్పు మనుష్యుడు చెప్పవలెను.

బ్రౌను దొరవా రెట్లు తీర్పు చెప్పిరి? ఒక ప్రతిని నమ్మక, దొరకినన్ని ప్రతులను కూర్చి, పండితులచే పద్యమునకు పద్యము పోల్పించి, పాఠభేదములను గుర్తింపించిరి. ఇట్లు 1829లో 693 పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చువేయించిరి. అంతటితో తృప్తిపడక, వెదకుట మానక, 1839లో 1164 పద్యములతో మఱొక కూర్పు వెలువరించిరి. మొదటి కూర్పే తుదిమాట యని పట్టుపట్టకుండుట వారి గుణములలో శ్రేష్ఠమైనది.

కడపకు తిరిగివచ్చిన పిమ్మట వారచ్చట నొక బంగళాను కొని, పండితులను వ్రాయసగాండ్రను జీతమిచ్చి యుంచుకొని, దానినొక గ్రంథశోధనశాలగ మార్చిరి. జనులు దానిని బ్రౌను కాలేజి యని పిలిచిరి. జీతము చాలక అప్పులు చేసిరి. కొన్ని ప్రతులను కొనిరి. కొన్నింటిని ఎరవు తెచ్చి వ్రాయించిరి. పలుప్రతులను పోల్చి తేర్చిన శుద్ధప్రతి యొకటి, దానికి పదముల పట్టిక, అర్థవివరణము, ఇట్టి యేర్పాటు వారిది. 1827లో తెలుగు సంస్కృత ఛందస్సులనుగూర్చి వారు వ్రాసిన గ్రంథము వెలువడెను.

ఇచ్చట మఱొక యపాయమును గమనింపవలెను. పాతప్రతిని ఎవడు బ్రదికించునో సొత్తు వానిదే యని లోకము తలచును. యూనిక్సులో సామాన్యుడు పాతమూటను విప్పినచో అందలి ఫైళ్లన్నియు వాని పేరనే వచ్చును; ఎందుకనగా ఫైలును పరుల కప్పగించు హక్కు సామాన్యునకు లేదు, రూట్‌నకు మాత్రమే కలదు. గ్రంథములయందును ధనమిచ్చినవాని పేరు పైకి వచ్చి, కవి పేరు వ్యాఖ్యాత పేరు మఱుగుపడుట కలదు. బ్రౌను దొరవారికి ధనము కలదు, అధికారము కలదు, అచ్చుయంత్రము చేతికందుచుండెను. అయినను 1851లో వారు మనుచరిత్రము నచ్చువేయించినపుడు కావ్యము పెద్దనగారిదిగనే యుండెను. వ్యాఖ్యానము జూలూరి అప్పయ్యగారి దనియే లోక మెఱుగును. దొరవారు పునరుద్ధారకులేగాని యజమానులు గారు. ఈ భేదమును నిలుపుకొనుట కష్టము. దానిని నిలుపుకొనినందుననే నేడు వారిని తలచుచున్నాము.

1832, 1833 సంవత్సరముల గుంటూరు క్షామకాలమున వారా ప్రాంతమున పనిచేసిరి. 1834లో ఉద్యోగమును పోగొట్టుకొనిరి. మఱుసటి యేట ఇంగ్లండునకు పోయిరి. కొలువు లేని కాలమునందును వారి చేయి యూరకుండలేదు. లండనులోని కంపెనీవారి గ్రంథాలయమున దక్షిణదేశభాషల వ్రాతప్రతులు పట్టించుకొనువారు లేక పడియుండెను. వానిని శోధించి, వరుసపఱచి, 2106 ప్రతులను మదరాసునకు పంపించుటకు వారు కారకులైరి. తెలుగువారి వ్రాతలు సముద్రము దాటిపోయి పరదేశపు బీరువాలో నుండుట క్షేమమేగాని న్యాయము గాదు. భద్రముగ దాచుట వేఱు, చెందవలసినవారికి చేర్చుట వేఱు.

కొలదియేండ్లలో వారు పారసీకభాషానువాదకుడుగ మరల మదరాసు వచ్చిరి. 1840లో తెలుగు వ్యాకరణమును ఆంగ్లమున ప్రకటించిరి. తాము చేర్చిన వ్రాతప్రతుల నిధిని తమ యింట నుంచుకొనక మదరాసు లిటరరీ సొసైటీవారి గ్రంథాలయమునకు సమర్పించిరి. ఆ నిధి కాలక్రమమున మదరాసులోని ప్రభుత్వ ప్రాచ్యలిఖిత గ్రంథాలయమునకు చేరి, తరువాతి పండితుల కెందఱికో ఆధారమయ్యెను.

1852లో వారి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును, ఇంగ్లీషు-తెలుగు నిఘంటువును వెలువడెను. 1854లో మిశ్రభాషానిఘంటువు వచ్చెను. ఈ కృషిలో లోపములు లేవని చెప్పరాదు. అరసున్న, బండిఱ మున్నగువాని విషయమున పండితుల పట్టింపును వారు లక్ష్యపెట్టక తమ యభిరుచిచొప్పున వరుసపఱచిరి. పునరుద్ధారకుడు తన రుచిని మూలముమీద రుద్దరాదను నియమమును వారైనను అచ్చటచ్చట మీఱిరి. 1903లో వేంకటరత్నముగారు, కాంబెలు దొరవారు, వీరేశలింగము పంతులుగారు దిద్దిన కూర్పు వెలువడెను. దోషమును దిద్దుటకు వీలగునట్లు మూలము నిలిచియుండుటయే గొప్ప.

1855 ప్రాంతమున వారు కొలువు విడిచి ఇంగ్లండు చేరిరి. 1865లో లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యులైరి. 1884వ సంవత్సరము డిసెంబరు 12వ తేదీన లండనులో పరమపదించిరి. కెన్సల్ గ్రీన్ అను శ్మశానవాటికలో వారి సమాధి యున్నది. కడపలో వారి బంగళా యున్న చోటనే వారి పేర గ్రంథాలయ మొకటి వెలసినది. అది పిమ్మట యోగివేమన విశ్వవిద్యాలయముతో సంబంధపడిన భాషాపరిశోధనకేంద్రమైనది. వేమనను బ్రదికించినవాని యిల్లు వేమన పేరిటి విద్యాలయము నీడకు చేరుట చూడముచ్చటగ నున్నది.

విద్యార్థులారా! మీలో కొందఱు నేడో రేపో ఏదో కార్యాలయమున పాతబ్యాకప్పును విప్పవలసినవారే. అప్పుడీ మహనీయుని పద్ధతిని తలచుకొనుడు.

మొదటిది, విప్పకముందే చూడుడు. మూటలో నేమున్నదో, ఏ పేరున ఏ సంఖ్యతో నున్నదో జాబితా తీయుటకు టార్‌లో వీలు కలదు. ప్రతులను పోల్పక బ్రౌను దొరవారు అచ్చునకు పంపలేదు.

రెండవది, విప్పునపుడు నేరుగ వాడుకలోనున్న చోట విప్పక, ఇతరులకు ప్రవేశము లేని వేఱొక డైరెక్టరీలో, రూట్ అధికారముతో, పాతసంఖ్యలను మార్పక విప్పుడు. పేర్లను నమ్మక సంఖ్యలనే యుంచుమని టార్‌నకు చెప్పు విధానము కలదు. సాక్ష్యము చెడక ముందు దాని నున్నదున్నట్లు చూచుట దీని ప్రయోజనము.

మూడవది, పాతయంత్రపు పేర్ల పట్టికను బ్యాకప్పుతో గూడ దాచుడు. అది లేనిచో సంఖ్య మూగది. ఆ పట్టికను క్రొత్తపట్టికను ప్రక్కప్రక్కన నుంచి, పాత 1001 నేటి యే మనుష్యుడో వ్రాసికొనుడు. సందేహమున్నచో ఆ మనుష్యునే యడుగుడు.

నాలుగవది, మార్పు చేయునపుడు తొందరపడకుడు. 1001 సంఖ్యను 1002గను, 1002ను 1003గను మార్పవలసి యున్న దనుకొనుడు. మొదటి మార్పు ముందుగ చేసినచో ఇద్దఱి ఫైళ్లును 1002క్రింద కలిసిపోవును. అటుపై విడదీయుట యసాధ్యము. కావున మొదట తీసిన జాబితానుబట్టి ఒక్కొక్క ఫైలునకు ఒక్కమాఱే మార్పు జరుగునట్లు చూడుడు. రెండు కవుల కట్టలు కలిసినపుడు జరుగు నష్టమే యిది.

ఐదవది, యజమాని లేని ఫైళ్లను వెదకి తీయుడు. కొలువు విడిచిపోయినవాని సంఖ్య ఫైళ్లమీద నిలిచియుండును. రేపు క్రొత్తగ చేరినవానికా సంఖ్య యిచ్చినచో పాతవాని రహస్యములన్నియు వానికి వారసత్వముగ వచ్చును. వారసుడు తేలువఱకు వానిని ధర్మకర్త వలె నొకరి రక్షణయందుంచుట మేలు.

ఈ పనులన్నిటికిని రూట్ అధికారము కావలెను. ఆ యధికారము గలవాడు దేనినైనను తనదిగ చేసికొనగలడు. దానిని తనదిగ చేసికొనక, చెందినవారికి చెందునట్లు చేయుటకే ఆ శక్తిని వాడుట సత్పురుషుని లక్షణము. బ్రౌను దొరవారు అప్పులపాలైరి, కొలువు పోగొట్టుకొనిరి, ముసలితనమున పరాయియైన యీ భాషనే బోధించుచు కాలము గడపిరి. వారు మనకు మరల నిచ్చిన గ్రంథములలో నొక్కదానిమీదను కవిపేరు తీసి తమ పేరు వ్రాసికొనలేదు. వఱద తీసిన పిమ్మట కొట్టుకొనివచ్చిన పెట్టెను తెఱచువాని కెల్ల వారి జీవితము దారిచూపునుగాక.